మెడ దగ్గర నలుపు

ఆ ఉదయం ఆకాశం కిందికి దిగి కొండ నడుము దగ్గర ఆగింది. మంచు కురుస్తుందనిపించింది, కురవలేదు. ఎండ వస్తుందనిపించింది, అదీ రాలేదు. ఉలులు గుడ్డలో చుట్టుకుని ఇనగావా గారింటికి వెళ్ళాను.

ఆయన పోయి నెల కావస్తోంది. బతికినంత కాలం నది, వంతెన, మంచు, ఇవే గీశాడు. ఆయన గీసేవాడు, నేను చెక్క మీద చెక్కేవాణ్ణి, పట్నంలో అచ్చువేసి అమ్మేవాళ్ళు. ఫోటోలొచ్చాక కొనేవాళ్ళు తగ్గారు. ఆయన గీయడం తగ్గలేదు. మనుషుల్ని మాత్రం గీసేవాడు కాదు. "కదులుతారు," అనేవాడు. చివరి బొమ్మలో మాత్రం ఒక మనిషి ఉంది. నది ఒడ్డున ముల్లంగి కడుగుతున్న ఆడమనిషి. ఆయన భార్య తోయో. "చెక్కించు" అని ఆమెతోనే చెప్పి పోయాడు.

మా పనిలో గీసిన బొమ్మ మిగలదు. ఆ పల్చటి కాగితాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అతికిస్తారు. వెనకనుంచి కనబడే గీతల వెంట చెక్కుతూ పోతే కాగితం పొట్టుతో పాటే పోతుంది. చెక్క మీద తిరగబడి ఉన్న బొమ్మ అచ్చులో సరిగ్గా వస్తుంది. ఆ ఇంట్లో అతికించే పని ఎప్పుడూ తోయోదే. జిగురు ఆమె చేతి మాట విన్నట్టు నా చేతి మాట వినదు.

నేను వెళ్ళేసరికి అతికించేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. చెక్కను ముందుకు లాక్కున్నాను. గీతలు వెనకనుంచి మసగ్గా కనబడాలి. కాటుకలా నల్లగా పైనే ఉన్నాయి.

ఆమె కూతురు కినూ బొగ్గుల కుంపటి తెచ్చి పెడుతూ చూసింది.

"అమ్మా! వెల్లకిలా అతికించావేంటే?"

తోయో వంగి చూసింది. "అవునే," అంది, ఇంకెవరిదో పని చూస్తున్నట్టు.

"మామయ్యా, తడిపి తీసెయ్యొచ్చుగా?"

"చిరుగుతుందమ్మా. ఉల్లిపొర అది."

"పోనీ, నది ఇటుది అటు పారుతుంది, అంతేగా. ఎవడు చూడొచ్చాడు?"

"నది సంగతి కాదు," అని బొమ్మలో మెడ కింద వేలు పెట్టాను.

కినూకి అర్థమైంది. బతికున్న మనిషికి కిమోనో ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వేసేది శవానికే. అచ్చు తిరగబడితే తోయో మెడ దగ్గర కుడి అంచే పైకొస్తుంది. నెల కిందట మొగుడికి అలా కట్టి పెట్టెలో పడుకోబెట్టింది ఆమె చేతులే.

"అలాగే చెక్కెయ్ అన్నయ్యా," అంది తోయో.

"పిచ్చా అమ్మా నీకు? కొన్న ప్రతి ఇంట్లో గోడకి శవంలా వేలాడతావా?"

"వేలాడితే ఏం? ముల్లంగి కడుగుతూనేగా ఉంటాను. శవాలు ఆ పనైనా చెయ్యవు."

కినూ నవ్వలేదు. "నాన్న నిన్ను బతికున్నదానిలా గీశాడే."

"ఎప్పుడు చూశాడో నన్ను. తలెత్తి చూసిన గుర్తే లేదు నాకు." ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. "ఏ అంచు పైకో నాకే తెలియట్లేదే. పొద్దున్న కట్టుకునేటప్పుడు చేత్తో తడిమి చూసుకున్నాను."

కినూ నా వైపు తిరిగింది. "మామయ్యా, ఆ రెండు గీతలూ మార్చెయ్. ఎవరికీ తెలీదు."

"ఆయన గీత నేనెప్పుడూ మార్చలేదమ్మా."

"అయితే మా అమ్మని చంపేస్తావా?"

ఉలి తీశాను.

బొమ్మలోని నీళ్ళతో మొదలుపెట్టి రోజూ వెళ్ళి చెక్కాను. నది అయింది, ముల్లంగులు అయ్యాయి, చేతులు, ముఖం అయ్యాయి. కాగితం పొట్టుగా లేచి చాప మీద పడుతూ వచ్చింది. తోయో పక్కనే కూర్చుని ఆ పొట్టు చీపురుతో ఒక మూలకి తోసేది. కినూ నాతో మాట్లాడటం మానేసింది. చివరికి మెడ మిగిలింది. చుట్టూ చెక్క తీసేస్తేనే గీత నిలబడుతుంది. తీయకపోతే అచ్చులో ఆ మేరంతా నల్లగా పడుతుంది. మెడకి గుడ్డ చుట్టుకుంటే ఎంత మేర పడుతుందో అంత, రెండు అంచులూ కలిసే చోటు కూడా మునిగేలా, వదిలేశాను. గీత మార్చనూ లేదు, చెక్కనూ లేదు.

సిరా పూసి, కాగితం పరిచి, వెదురు పొర చుట్టిన బిళ్ళతో రుద్ది మొదటి అచ్చు తీశాను. తోయో దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుంది.

"మెడ దగ్గర ఈ నలుపేంటి అన్నయ్యా?"

"చలి కదా. ఏదో చుట్టుకున్నావు."

"నాకు నల్ల గుడ్డ లేదే."

"ఇకనుంచి ఉంది," అంది కినూ.

తోయో బాగుందనలేదు, పారెయ్యమనలేదు. తడి ఆరడానికి తనే తీగ మీద వేసింది.

ఆయన బొమ్మలన్నిటిలో ఇప్పుడు జనం అడిగేది ఇదే. ముసలితనంలో ఆయన నలుపు వాడటం నేర్చాడని పట్నంలో ఎవరో రాశారట. రాసుకోనీ.

అచ్చు తీసిన ఆ పూట కినూ బార్లీ అన్నం, సోయా ముద్ద కలిపిన మిసో చారు, ఊరబెట్టిన ముల్లంగి తెచ్చి ముగ్గురికీ పెట్టింది. తోయో చారు గిన్నెని రెండు చేతులతో ఎత్తి, వేళ్ళు వెచ్చబడేదాకా అలాగే పట్టుకుని, తర్వాత తాగింది. మేమూ తిన్నాం.