తిమింగిలగిలం పిలుపు

వీడియోగేములకు చప్పుళ్ళు చేసి బతికేవాడు చెవులు వినపడని పిల్లను చేసుకుంటానన్న రోజున, పెద్దత్త అందరి ముందూ అనేసింది: "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంటుందిరా నీ కాపురం!" పెదాల కదలికను బట్టి ఆ పిల్ల మాటలు పట్టేస్తుందని ఆవిడకు తెలియదు పాపం. పిల్ల పట్టేసింది, నవ్వేసింది కూడా. మాట ముల్లులా దిగింది చప్పుళ్ళాయనకే.

కాపురం బాగానే సాగింది. చేతులతో మాట్లాడుకునేవారు, చేతులతోనే పోట్లాడుకునేవారు. పక్క గదిలో ఉన్న ఆవిడను పిలవాలంటే చెక్కనేల మీద కాలితో దబ్బుమని కొట్టడం ఆ ఇంటి పద్ధతి. కింది వాటావాళ్ళు మొదట్లో తగువుకొచ్చి, తర్వాత విసుగెత్తి ఊరుకున్నారు. ఒక్కటే కొరత. ఆయన పుట్టించిన రాక్షసుల అరుపులు ఊరూరా పిల్లలు విన్నారు, ఇంట్లో మనిషికి మాత్రం ఒక్కటీ చేరలేదు. ఆ బాధ ఆయన ఎవరికీ చెప్పుకోలేదు.

ఇప్పుడు కొత్త గేములోకి తిమింగిలగిలం వస్తోంది. పురాణాల్లో తిమి అని ఓ మహామత్స్యం. దాన్ని మింగేది తిమింగిలం. దాన్నీ గుటుక్కుమనిపించేది ఇది. బొమ్మ బ్రహ్మాండంగా కుదిరింది, గొంతే కుదరలేదు. సింహాన్నీ ఉరుమునూ రైలింజన్నూ కలిపి రుబ్బి తీసుకెళితే మేనేజరు పెదవి విరిచాడు.

"సింహాన్ని సముద్రంలో పడేసినట్టుంది సార్. సోమవారానికి కుదరకపోతే బయట రెడీమేడ్‌ది కొనేద్దాం."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. సముద్రజీవుల మీద పరిశోధన చేసే చిన్ననాటి స్నేహితుడికి ఫోను చేశాడు.

"నీలి తిమింగలం పిలుపు పంపిస్తా," అన్నాడతను. "జనం వినేవి వేగం పెంచినవిరా. ఇది అసలుది. వందల మైళ్ళ అవతలి తిమింగలానికి అందుతుందంటారు గానీ మన చెవులకు అందదు. ఏం చేసుకుంటావో నీ ఇష్టం."

ఆదివారం మధ్యాహ్నం బీరువాలో సగం ఉండే స్పీకరును ఇంటికి మోయించుకొచ్చి, చెక్కనేల మీద దించి, ఆ రికార్డు పెట్టాడు. ఏమీ లేదు. తీగలు సరిచూశాడు, స్పీకరును తిట్టాడు, మళ్ళీ పెట్టాడు. చీమ చిటుక్కుమనలేదు. ఇంక సోమవారం పరువు పోయినట్టేననుకున్నాడు.

వంటగదిలోంచి భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎందుకు పిలిచావు?" అని సైగ చేసింది.

"నేను పిలవలేదే!"

"ఇందాకట్నించీ పిలుస్తూనే ఉన్నావు. కాలు నొప్పెట్టలేదూ?"

అంటూనే ఆగిపోయింది. ఆయన రెండు కాళ్ళూ కుర్చీ మీదే ఉన్నాయి. మెల్లగా కూర్చుని నేలకు అరచెయ్యి ఆనించింది, తర్వాత చెంప ఆనించింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఎవరు?"

చెప్పాడు. ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుని, పిలుపు వచ్చినప్పుడల్లా వేలితో నొక్కసాగింది. ఒక పొడుగాటి పిలుపు. విరామం. మళ్ళీ పిలుపు. కంప్యూటరు తెర మీద గీత లేచినప్పుడే వేలూ పడుతోంది, ఒక్కటీ తప్పలేదు. ఆయనకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఎక్కడి సముద్రం, ఎక్కడి ప్రాణి! ఏ కాలంలోనో, పడవ అడుగుచెక్క మీద వట్టికాళ్ళతో నిలబడ్డ మనిషెవరో ఇదే పిలుపు అరికాళ్ళతో విని, కింద ఉన్నదెంత పెద్దదో ఊహకందక, మింగేదాన్ని మింగేదని పేరు పెట్టాడేమో. ఆయనకు కన్నీళ్ళొచ్చాయి.

సోమవారం మేనేజరు గేము ఆడాడు. సముద్రం, ఉన్నట్టుండి నిశ్శబ్దం. చేతిలో గేము ఆడే రిమోటు ఆ తిమింగలం పిలుపు లెక్కనే వణికింది, ఆగింది, మళ్ళీ వణికింది.

"ఏదో వస్తోంది సార్," అని మేనేజరు కాళ్ళు కుర్చీ మీదికి లాక్కున్నాడు. ఇంక రెడీమేడ్ ఊసే ఎత్తలేదు.

ఆ సాయంత్రం రిమోటు భార్య చేతికిచ్చి, ఆయన పక్కన ఊరికే కూర్చున్నాడు. కాసేపటికి ఆవిడ ఊపిరి బిగబట్టింది. తెర మీద నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఆయన చెవులు రిక్కించాడు, చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ విన్నాడు.

"నాకేం వినపడట్లేదే," అని సైగ చేశాడు.

ఆవిడ రిమోటు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ ఖాళీ చేసుకుని, పెద్దత్త మూతి తిప్పుడుతో సహా తీరిగ్గా చెప్పింది: "చెవిటివాడి ముందు శంఖం!"