శ్యామలాంబగారి తీర్మానం

తొంభై మూడు మార్చిలో శ్యామలాంబగారు రాసి చదివిన వ్యాసానికి బెంగాల్లోని రైల్వే ఊళ్లో, ఖరిదా పేటలోని శ్రీవాణీ తెలుగు సమాజం హాలు చప్పట్లతో మోగిపోయింది. ఆవిడ రైల్వే బడిలో ఇరవై ఆరేళ్లుగా తెలుగు చెబుతోంది. ఒకటో తరగతిలో ఈసారి పదిహేనుమంది చేరకపోతే తెలుగు విభాగం ఎత్తేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. అప్పటికి దొరికినవాళ్లు తొమ్మిదిమంది.

"మనిషి ఆకాశంలోంచి ఒంటరిగా ఊడిపడినట్టు మాట్లాడతారు ఈ కాలపు ఉదారవాదులు," అని ఆవిడ చదివింది. "మనం పుట్టేసరికే మనకో భాష ఉంది, ఇంటిపేరు ఉంది, మనవాళ్లంటూ కొందరున్నారు. వీటిలో ఏదీ మనం ఎంచుకున్నది కాదు. ఎంచుకోనివే మనల్ని మనుషుల్ని చేశాయి. 'ఎవరి ఇష్టం వాళ్లది' అనే మాట వినడానికి మర్యాదగానే ఉంటుంది. కానీ అందరూ అదే మాట అనుకుని ఎవరి దారిన వాళ్లు పోతే, చివరికి ఎవరికీ ఇష్టంలేనిది జరుగుతుంది. బడి మూతపడుతుంది."

సమాజం అధ్యక్షుడు పరబ్రహ్మంగారు, రిటైరైన చీఫ్ క్లర్కు, లేచి నిలబడి దండం పెట్టాడు. "అమ్మా, ఇది వ్యాసంగా ఉండిపోకూడదు," అన్నాడు. పిల్లల్ని తెలుగు విభాగంలో చేర్చని కుటుంబాలకు పెళ్లిళ్లకు సమాజం హాలు ఇవ్వకూడదని ఒక తీర్మానం తయారుచేయమన్నాడు. ఆ ఊపులో శ్యామలాంబగారు అక్కడే కూర్చుని అందమైన అక్షరాలతో రాసి ఇచ్చింది. వచ్చే నెల సభలో ఓటుకు పెట్టాలనుకున్నారు.

మర్నాటి నుంచి పిల్లల కోసం ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. పూరీ గేట్ దగ్గర వర్కుషాపు ఫిట్టరు దేముడు ఇంటికి వెళ్లేసరికి అతను అప్పుడే డ్యూటీ దిగి చేతులకంటిన గ్రీజు కిరసనాయిలుతో కడుక్కుంటున్నాడు. తల్లి సింహాచలమ్మ గబగబా స్టూలు తుడిచి వేసింది. దేముడు ఒకప్పుడు ఆవిడ దగ్గరే చదువుకున్నాడు. అతని కూతురు పైడికి అయిదు నిండాయి.

"పైడిని మన బడికే పంపుతావు కదూ?" అంది ఆవిడ, పంపనంటాడన్న ఊహే లేకుండా.

"లేదండి టీచరమ్మగారూ. ఇంగ్లీసు బడిలో సీటు దొరికింది."

ఆవిడ వ్యాసంలోని మాటలన్నీ చెప్పింది. దేముడు అడ్డురాకుండా విన్నాడు.

"మీరు సెప్పింది అబద్ధం కాదండి," అన్నాడు చివరికి. "ఎంచుకోనివే మనిసిని సేత్తాయి. మా అయ్యకీ అలాటిదే ఒకటుండీది. ఊళ్లో బడి అరుగు ఎక్కనిచ్చీవోరు కారు. కిటికీ కాడ నిలబడి వినీవోడంట. అదేటని అడిగితే, మొదట్నుంచీ ఉన్న ఆచారం అన్నారంట. అది ఒగ్గేసుకోడానికే ఈ ఊరొచ్చినాడు. నాను పెమోసను కోసం మూడుసార్లు చార్జిమేన్ పరీచ్ఛ రాసినాను. పేపరు ఇంగ్లీసులో. పని సేతికొచ్చును, ప్రశ్న అర్థం కాదు. మా గుంటకి అది రాకూడదండి."

"అందరూ ఇలాగే అనుకుంటే ఎలా దేముడూ?"

"అందరి సంగతీ నాకెందుకు గానీ, మీ అబ్బాయిగారు ఏ బడిలో సదివినారండి?"

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే గుర్తురాక అడిగాడు. శ్యామలాంబగారి కొడుకు కాన్వెంటులో చదివాడు. అప్పట్లో భర్త పట్టుబట్టాడు, తను ఊరుకుంది. ఆవిడ స్టూలు మీంచి లేచింది.

గుమ్మం దాకా వచ్చిన సింహాచలమ్మ గొంతు తగ్గించి అడిగింది. "అమ్మగారూ, హాలు ఇవ్వరంట, నిజమేనేటండి? మా కూతురు చిట్టెమ్మ పెళ్లి వైశాకంలో. కబురులు కూడా ఎల్లిపోనాయి."

"ఎవరు చెప్పారు?"

"పెసిడెంటుగారే. మీరే రాసినారంట కదా."

ఆ వారమంతా శ్యామలాంబగారు ఒక చోట కుదురుగా కూర్చోలేకపోయింది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతూ ఒకే పుస్తకం రెండుసార్లు దిద్దింది. సాయంత్రాలు గేటు దాకా నడిచి వెనక్కొచ్చేది, మళ్లీ చెప్పులేసుకునేది. భర్త వరాహనరసింహంగారు పేపరు దించి, "ఇంతకీ నువ్వు రాసింది తప్పంటావా?" అని అడిగాడు.

"తప్పు కాదండీ. అదే నా బాధ," అంది. "ఇష్టం ఒక్కటే చాలదని ఇప్పటికీ అంటాను. కానీ ప్రేమతో నిలబెట్టుకోవాల్సినదాన్ని పెళ్లి ఆపి నిలబెడతామా?"

ఏప్రిల్ సభలో తన తీర్మానాన్ని తానే వెనక్కి తీసుకుంటానని లేచి చెప్పింది. హాల్లో గుసగుసలు బయలుదేరాయి. పరబ్రహ్మంగారు చిరునవ్వుతో ఆవిడ వ్యాసమే తీసి, "ఎవరి ఇష్టం వాళ్లది" అన్న వాక్యం దగ్గర్నుంచి గట్టిగా చదివాడు.

"ఇవి మీ మాటలేగా శ్యామలాంబగారూ? ఇంతలో మీరూ ఉదారవాదులైపోయారా?"

"మాటలు నావే. మీ మనవలు ఏ బడిలో ఉన్నారు?"

"మా అబ్బాయిది బదిలీల ఉద్యోగం. అటువంటివాళ్లకు మినహాయింపు ఉంటుందని చేర్చాం."

"వర్కుషాపువాళ్లకు బదిలీలుండవు. అంటే ఈ నియమం వాళ్లొక్కళ్లకేగా!" ఆవిడ సభవైపు తిరిగింది. "నా కొడుకూ కాన్వెంటులోనే చదివాడు. ఎదుటివాళ్ల పిల్లలతో సంప్రదాయం నిలబెడదామని రాశాను. అది సంప్రదాయం కాదు, పెత్తనం."

చేతులెత్తితే ముప్పై ఒకటికి తొమ్మిది. తీర్మానం నెగ్గింది. ఆవిడ రాసిన కాగితాన్నే, కింద మినహాయింపు ఒక్కటి చేర్చి, కొట్టివేతలు లేకుండా మినిట్స్ పుస్తకంలో అంటించారు. ఆవిడ అక్కడికక్కడే సభ్యత్వానికి రాజీనామా రాసిచ్చి బయటకు వచ్చేసింది.

ఇంటికి పోకుండా నేరుగా పూరీ గేట్ వెళ్లింది.

"మా క్వార్టర్ ముందు బోలెడు జాగా ఉంది. పందిరి అక్కడ వేసుకోండి," అంది దేముడితో.

అతని మొహం బిగుసుకుంది. "జాలి సూపించకండమ్మా. ఎక్కడో అక్కడ సేసుకుంతాం."

"జాలి కాదు. నేను రాసిన కాగితమే నీ చెల్లెలి పెళ్లికి అడ్డొచ్చింది. ఆ అడ్డు నేనే తీయాలి."

దేముడు ఇంకేదో అనబోయాడు. సింహాచలమ్మ కసురుకుంది. "ఊరుకోరా! ఆయమ్మ గుమ్మం కాడికొచ్చి అడుగుతుంటే బెట్టేటి? అమ్మగారూ, రాట ఏసీది గురువారం."

పెళ్లి వైభవంగానే జరిగింది. సన్నాయి హోరుకు పక్క క్వార్టర్లలోని బెంగాలీ ఆడవాళ్లంతా వచ్చి చూశారు. చుట్టుపక్కల పెద్దమనుషులు కొందరు ఆ దారిన రావడమే మానేశారు. వరాహనరసింహంగారు చొక్కా చేతులు మడిచి వడ్డనకు దిగాడు. శ్యామలాంబగారు పెళ్లికూతురి జడకు పూలు కుడుతూ కూడా, మాటిమాటికీ లేచి ఎక్కడేం తక్కువైందోనని తిరుగుతూనే ఉంది.

జూన్ నెలాఖరుకు పిల్లలు పదమూడుమందే అయ్యారు. హాలు పోతుందన్న భయంతో చేర్చిన పిల్లలు అందులో ఒక్కరూ లేరు. హాలు దొరకనివాళ్లు సమాజానికే రావడం మానేశారు. తెలుగు విభాగం ఎత్తేశారు. శ్యామలాంబగారిని బడి లైబ్రరీలో వేశారు.

జులైలో ఒక సాయంత్రం ఖరిదా బజారులో దేముడు సైకిలు దిగి ఎదురుగా నిలబడ్డాడు.

"బడి పోయిందని నా మీద కోపమేటండి?"

"కోపమే," అంది ఆవిడ. "నువ్వు చేసింది న్యాయమే. అయినా కోపమే."

"ఉండనీండి. చిట్టెమ్మ అత్తోరింటి నుంచి వచ్చినాది. మిమ్మల్ని సూడాలంతాంది. ఒకపాలి రండి."

ఆవిడ సంచీ అతని సైకిలుకు తగిలించి నడిచింది. రెండు వీధులు దాటకముందే మళ్లీ వాదన మొదలైంది.

"పైడికి ఇంగ్లీషొస్తుంది సరే. మీ అమ్మ చెప్పే ఊసులు రేపు ఎవరికి అర్థమవుతాయి?"

"ఆ ఊసుల్లో మా అయ్య కిటికీ కాడ నిలబడిన ఊసు కూడా ఉంటాదండి."

"అందుకే అది తెలియాలంటున్నాను!"

దేముడు సైకిలు తోసుకుంటూ నడిచాడు. ఆవిడ అతనికంటే రెండడుగులు ముందే నడుస్తోంది.