కెప్టెన్ తెచ్చిన కోడి

జెలీకి ముక్కు దురద పెట్టింది. గోక్కోవడానికి లేదు. ఇనప మూకుట్లో నూనె, మైదా కలిసి వేగుతున్నాయి. గరిట క్షణం ఆగిందా, అడుగంటుతుంది. ఒక్క నల్ల చుక్క కనిపించినా మొత్తం పారబోయాల్సిందే. గంబో అనే కోడి పులుసుకి ప్రాణం ఈ వేగే పిండే, దీన్నే రూ అంటారు. తెల్లగా మొదలై, వేరుసెనగ రంగుకొచ్చి, చాక్లెట్ రంగులోకి దిగేసరికి గంట పడుతుంది. ఆ వాసన కమ్మితే చిత్తడిలో మొసళ్ళు ఒడ్డుకొచ్చి వరసగా నిలబడతాయని ఊళ్ళో అంటారు. గిన్నెలు కూడా పట్టుకొస్తాయట.

వంటింటి రేడియోలో మొగుడు యులీస్ గొంతు మోగుతోంది. ఈ ఏడు కూడా మార్డీ గ్రా పండగ సవారీకి అతనే కెప్టెన్. ముసుగులేసుకున్న నలభై మంది మగవాళ్ళు అతని జెండా వెనక గుర్రాల మీద ఇల్లిల్లూ తిరిగి, పాడి, అడుక్కుని, ఇంటివాళ్ళు ఎగరేసిన కోడిని బురదలో తరిమి పట్టుకుంటారు. బయల్దేరే ముందు రేడియోవాళ్ళు పలకరించారు.

"ఊరికి గంబో పెట్టేది మేమేనండీ," అంటున్నాడు. "ఆడవాళ్ళదేముంది, కాస్త గరిట తిప్పుతారు."

ఇరవై రెండేళ్ళుగా ఆ గరిట తనదే. వాళ్ళు పట్టుకొచ్చిన కోడి గంబోలో ఒక్కసారైనా పడిందా? అది చంకలో పెట్టుకుని ఫోటోలు దిగడానికే. కుండలో పడే పద్నాలుగు కోళ్ళూ ఆదివారం తను కోసి, ఈకలు పీకినవి. సాసేజులు తను పొగబెట్టినవి. పెళ్ళైన కొత్తలో తనూ సవారీకి వస్తానంటే అత్తగారు మదామ్ ఓఫేలీ, "నువ్వెళితే రూ ఎవరు కలుపుతారే? గుర్రమా?" అంది. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండిపోతోంది. ఇక వడ్డించాక ఏటేటా యులీస్ చెంచా నాకి, "ఇంకో రవ్వ నల్లబడాల్సింది" అంటాడు, నలుపుని తనే కనిపెట్టినట్టు.

వేరుసెనగ రంగు దగ్గర జెలీ పొయ్యి కట్టేసింది. రూ పారబోసి మూకుడు తోమేసింది. కోళ్ళని మళ్ళీ ఫ్రీజర్‌లో సర్దింది. సవారీ అయ్యాక తాగడానికి మొగుడు దాచుకున్న ఎర్ర వైను తీసి గ్లాసులో పోసుకుని కూర్చుంది. మూల కుర్చీలోంచి అత్తగారు అంతా చూసింది.

నాలుగింటికి గుర్రాలొచ్చాయి. వాకిట్లో నలభై మంది పళ్ళేలు వాయిస్తున్నారు. యులీస్ బురద బూట్లతో లోపలికొచ్చాడు, చంకలో బక్క పుంజు.

"గంబో ఏదే?"

"నువ్వు పెడతానన్నావుగా. రేడియోలో విన్నాను. అదేనా, చంకలోది?"

"తాగావా?"

"నీ సీసాయే. బాగుంది."

"బయట అంతమంది ఆకలితో ఉన్నారే. నా పరువేం కావాలి? అమ్మా, నువ్వైనా చెప్పు దీనికి."

మదామ్ ఓఫేలీ కుడి చెయ్యి ఎత్తింది. అది ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది.

"ముప్పై ఏళ్ళుగా ఇంతకు మించి లేవదురా ఇది. ఎందుకని ఒక్కనాడైనా అడిగావా?" అని, ఎడం చేత్తో గరిట అందుకుని కొడుకు ముందుకి చాచింది. "పుంజుని దింపు. చేతులు కడుక్కో."

వాకిట్లో చప్పుడు పెరిగింది. యులీస్ తల్లిని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. కడుక్కొచ్చాడు. నూనె పోశాడు. పిండి గుమ్మరించి, పొయ్యి మీద వొంగి గరిట తిప్పడం మొదలెట్టాడు. రెండు నిమిషాలకే చెయ్యి మార్చాడు.

"ఎంతసేపు తిప్పాలి?"

"నేను ఆపమనేదాకా," అంది జెలీ.