పెంచలకృష్ణ చావు కాగితం

"వొదినా, కాసేపు లోపలికి పో. మేం బయలుదేరతా ఉండాం, ఎదురు రాబాక."

మరిది నరేంద్రబాబు ఆ మాట విసుగ్గా అనలేదు. చాలా మామూలుగా, కారు తాళం ఎక్కడుందని అడిగినంత మామూలుగా అన్నాడు. ధనలక్ష్మి చేతిలోని నీళ్ళ సీసా అరుగు మీద పెట్టి వంటింట్లోకి నడిచింది. అత్త వెంకటశేషమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టడానికి అతను పడుతున్న అవస్థ వినిపించింది. తలుపు పడింది. కారు వీధి మలుపు తిరిగిందని తెలిశాకే ఆమె బయటికొచ్చింది.

ఆ కారు అల్లూరు నుంచి నెల్లూరు కోర్టుకు వెళుతోంది. ధనలక్ష్మి వెళ్ళాల్సిందీ అక్కడికే, బస్సులో. కోర్టులో తేలాల్సింది ఒక్కటే. ఆమె భర్త పెంచలకృష్ణ చనిపోయాడా, లేదా?

ఎదురు రావద్దన్నవాడికి మాత్రం అందులో సందేహమే లేదు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఎనిమిదేళ్ళ కిందట పెంచలకృష్ణ స్నేహితుల పడవెక్కి సరదాగా సముద్రంలో చేపల వేటకెళ్ళాడు. గాలివాన లేచి పడవ తిరగబడింది. ఇద్దరి శవాలు ఒడ్డుకొచ్చాయి, అతనిది రాలేదు. ఏడాదిపాటు ఇంట్లో ఎవరూ "పోయాడు" అనే మాట అనలేదు. అప్పుడు నరేంద్రకు బిందు సంబంధం వచ్చింది. కర్మ జరగని మనిషి ఉన్న ఇంట్లో పెళ్ళి పనికిరాదని బిందు తరఫు జ్యోతిష్కుడు అడ్డం తిరిగాడు. అంతే, వారం గడవకముందే దర్భలతో మనిషి బొమ్మ చేసి సముద్రం ఒడ్డున కాల్చేశారు. మనిషి పోయి ఏడాదయింది కాబట్టి సూతకం కూడా తీరిపోయినట్టేనని తీర్మానించారు. పదోరోజున వెంకటశేషమ్మే తన చేత్తో కోడలి గాజులు పగలగొట్టింది. ఊరంతా చూసింది. ఆ తర్వాత జరిగిన నరేంద్ర పెళ్ళిలో ధనలక్ష్మి పెరట్లో పొయ్యిల దగ్గరే ఉండిపోయింది. తాళి కడుతున్నప్పుడు మోగిన మేళం ఆమెకు పప్పు గుండిగ పక్కన వినిపించింది.

అప్పటినుంచి ఆమె ఇంట్లో విధవ, కాగితాల్లో భార్య. వితంతు పింఛనుకు వెళితే పంచాయతీ సెక్రటరీ చేతులెత్తేశాడు. "శవం లేకుండా చావు సర్టిఫికెట్ ఎట్టా రాసిచ్చేదమ్మా? నా ఉద్యోగం పోతాది." పింఛను రాలేదు. రొయ్యల గుంటల్లో సగం పెంచలకృష్ణ పేరునే ఉన్నాయి, కరెంటు మీటరు కూడా. వాటిని నరేంద్ర ఏలుతున్నాడు. తెల్లారకముందే గుంట గట్టు మీదికెళ్ళి రొయ్యలు మేత తిన్నాయో లేదో పళ్ళేలు ఎత్తి చూడడం, కూలీలకు వండడం, ఇంటికొచ్చి అత్తకు స్నానం చేయించడం, మోకాళ్ళకు కాపడం పెట్టడం ధనలక్ష్మి వంతు. బిందు పిల్లల చదువని నెల్లూరులో కాపురం పెట్టింది. ఒకసారి ధనలక్ష్మి జీతం మాట ఎత్తితే నరేంద్ర పకపకా నవ్వాడు. "మన గుంటల్లో మనం చేసుకునేదానికి కూలేంది వొదినా? అయినా నీకేం ఖర్చుండాది, పూలా, పట్టుచీరలా?"

ఆ మాట ఆమెకు చాలా రోజులు నిద్రలో కూడా వినిపించింది. పూలు లేకుండా చేసినవాళ్ళే పూల ఖర్చు లేదని లెక్క చూపిస్తున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆరోజు అంట్లు రెండోసారి తోమింది.

సుశీల్ కుమార్ గుంటల నీళ్ళకు గాలి పట్టించే చక్రాలు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్. నాయుడుపేట మనిషి, భార్య జబ్బుచేసి పోయింది. మొదటిరోజు ఆమె ఫ్లాస్కులో టీ తెస్తే గ్లాసు ఒక్కటే ఉంది. అతను ఫ్లాస్కు మూతలో తాను పోసుకుని గ్లాసు ఆమె చేతికిచ్చాడు. ఎవరైనా తనకు ఒకటి ఇవ్వడం ఆమె ఎంతగా మరిచిపోయిందంటే, కడగమని ఇచ్చాడనుకుని గట్టు దిగబోయింది. అతను పగలబడి నవ్వాడు. "తాగమ్మా, తాగేందుకే ఇచ్చినా."

ఇప్పుడతను ఒమాన్‌లో రొయ్యల ఫారంలో పనిచేస్తున్నాడు. మస్కట్‌లో మన ఎంబసీలోనే పెళ్ళి చేసుకుందామన్నాడు. పెళ్ళి కాగితం చేతికొస్తే ఫ్యామిలీ వీసా వస్తుంది. అతని భార్య మరణ పత్రం ఏనాడో తయారుగా ఉంది. ధనలక్ష్మి కాగితాల వెంట పడింది. పుట్టిన తేదీకి చిన్నప్పటి బడికి వెళ్ళింది. పాస్‌పోర్టుకు పోలీసు విచారణ వచ్చినప్పుడు కానిస్టేబుల్ ఆమెను వదిలేసి నరేంద్రను అడిగాడు, "మీ వొదిన మంచిదేనా?" అని. అన్నీ సమకూరాయి. మిగిలింది పెంచలకృష్ణ చావు ఒక్కటే.

"ఏడేళ్ళకు పైగా కబురు లేని మనిషిని చనిపోయినట్టే కోర్టు లెక్కేస్తుందక్కా," అంది లాయర్ షబానా. "కబురు రావాల్సినవాళ్ళే వచ్చి, రాలేదని చెప్పాలి. అమ్మ, తమ్ముడు. ఒక్క మాట చాలు. ఆ కాగితం లేకుండా మాత్రం తొందరపడొద్దు. భర్త బతికుండగా రెండో పెళ్ళని మీ మరిది కేసు పెట్టగలడు."

ధనలక్ష్మి ఇంట్లో అందరి ముందూ నిలబడి చెప్పింది. గుంటల్లో సెంటు కూడా అడగనంది. రాసిస్తానంది. నరేంద్ర తల ఊపాడు. వెంకటశేషమ్మ చీర కొంగు నలుపుకుంటూ, "అట్టనే చెప్తాలేమే, పోయినోణ్ణి పోయినాడని చెప్పేదానికేం," అంది.

* * *

వెంకటశేషమ్మ బోను కమ్మీ పట్టుకుని నిలబడింది. మోకాళ్ళ నొప్పికి ఎక్కువసేపు నిలబడలేదు. జడ్జి కుర్చీ వేయించాడు. ఎక్కడా అబద్ధం ఆడనని దేవుడి మీద ప్రమాణం చేసింది.

షబానా మెత్తగానే అడిగింది. "అమ్మా, పడవ మునిగినప్పటినుంచి మీ అబ్బాయి గురించి ఏమైనా తెలిసిందా?"

"తెలిసిందమ్మా."

షబానా చేతిలోని పెన్ను ఆగింది. "ఏం తెలిసింది?"

"మొన్న శ్రీరామనవమికి ఫోన్ చేసినాడు."

ధనలక్ష్మికి మొదట అర్థం కాలేదు. ఎవరు, ఎవరికి? ఆ తర్వాత ఒక్క క్షణం, సిగ్గులేకుండా, ఆమె నిజంగానే నమ్మింది.

"ఏ నంబరు నుంచి?"

"నాకు చదువు రాదు తల్లే."

"ఏం మాట్లాడాడు?"

ముసలామె మోకాలు నిమురుకుంది. "అమ్మా, కాళ్ళ నొప్పులు ఎట్టుండాయి అని అడిగినాడు."

ధనలక్ష్మికి అక్కడ తెలిసిపోయింది, అది అబద్ధమని. కాపురం చేసినన్నాళ్ళలో పెంచలకృష్ణ ఎవరి నొప్పీ అడిగిన మనిషి కాదు.

తర్వాత నరేంద్ర ఎక్కాడు. తానూ మాట్లాడానన్నాడు. అన్న ఎక్కడో తమిళనాడు వైపు ఉన్నాడన్నాడు, అప్పులకు భయపడి రాలేదన్నాడు. చెబుతున్నంతసేపూ జడ్జి కళ్ళలోకే చూశాడు. ఎక్కడా తడబడలేదు.

"అయితే కర్మ ఎందుకు చేశారు? ఆమె గాజులు ఎందుకు పగలగొట్టారు?" షబానా గొంతు పెరిగింది.

"ఎవురు పగలగొట్టినారు మేడం? ఫొటో ఉండాదా?"

లేదు. పెళ్ళికి ఫొటోలు తీస్తారు. గాజులు పగలగొట్టడానికి ఫొటోగ్రాఫర్‌ను ఎవరు పిలుస్తారు?

వరండాలో షబానా ఆమె చెయ్యి పట్టుకుంది. "పురోహితుణ్ణి పిలిపిద్దాం. ఫోన్ కంపెనీ రికార్డులు తెప్పించమందాం. దొంగసాక్ష్యమని తేల్చొచ్చు. కానీ వాళ్ళు పై కోర్టుకు పోతారక్కా. ఎన్నేళ్ళు పడుతుందో నేను చెప్పలేను."

పురోహితుడు కూడా నరేంద్ర గుంటల పక్కనే గుంట తవ్వించుకున్నాడు, అతనికి ఎదురుగా నోరు విప్పడు; ఊళ్ళోవాళ్ళూ అంతే. ధనలక్ష్మి ఆ సంగతి షబానాకు చెప్పలేదు. చెప్పి ఏం లాభం?

సుశీల్‌కు ఫోన్ చేసింది. అంతా విన్నాడు. ఆ తర్వాత, "నేను ఆగుతాలే ధనా, ఎన్నేళ్ళయినా," అన్నాడు. ఆ మాట అనే ముందు అతను తీసుకున్న ఊపిరిలోనే ఆమెకు అసలు జవాబు దొరికింది. అతన్ని తప్పు పట్టాలనిపించలేదు. లేని మనిషి కోసం ఆగడం ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. "వద్దులే. నువ్వు పెళ్ళి చేసుకో," అని ఫోన్ పెట్టేసింది.

ఆమె ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. వెంకటశేషమ్మ మంచం మీద కాళ్ళు చాపుకుని ఉంది. నరేంద్ర కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"వచ్చినావా? కడుపులో ఏం పెట్టుకోబాక వొదినా. మన ఇంటి పెద్దకోడలివి నువ్వు. దేశం కాని దేశంలో నీకేం ఖర్మ?"

"అత్తా, ఆయన నిజంగా ఫోన్ చేసినాడా?"

ముసలామె గోడవైపు తిరిగింది. "బతికుంటే చెయ్యడా ఏంది?" కాసేపటికి చిన్నపిల్లలా వెక్కింది. "నువ్వు బోతే నన్నెవురు చూస్తారే? ఆ బిందు గుక్కెడు నీళ్ళన్నా పోస్తాదా?"

అదీ సంగతి. నరేంద్రకు గుంటలూ, వాటిలో కూలి అడగని మనిషీ కావాలి, ఈమెకు కాపడం పెట్టే చేతులు కావాలి. ఒక పెళ్ళి జరిపించడానికి పెంచలకృష్ణను చంపారు. ఇంకో పెళ్ళి ఆపడానికి బతికించారు. రెండుసార్లూ పాపం అతన్ని ఎవరూ అడగలేదు, తననూ అడగలేదు. ధనలక్ష్మికి ఆ ముసలామె మీద జాలి కలిగింది. ఆ జాలి మీద ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ తనను ఈ గడపకు కట్టేసింది తాళీ కాదు, తాళి లేకపోవడమూ కాదు. ఈ జాలే. దీన్ని వాళ్ళు మందుసీసాలా భద్రంగా అలమారలో పెట్టుకున్నారు. కావాల్సినప్పుడు తీసి వాడుకున్నారు. ఒక చుక్క కూడా వృథా చేయలేదు.

ఆమె లోపలికెళ్ళి నాలుగు చీరలు, పాస్‌పోర్టు సంచిలో పెట్టుకుంది. పాస్‌పోర్టు ఎందుకో ఆమెకే తెలియదు. నాయుడుపేట దగ్గర రొయ్యలు ఒలిచే కంపెనీలో ఆడవాళ్ళకు హాస్టల్ ఉంది. పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టాలి. గోళ్ళు ఊడిపోతాయని అక్కడ చేసి వచ్చినవాళ్ళు చెప్పారు. అక్కడ కూడా రిజిస్టరులో భర్త పేరు అడుగుతారు. పెంచలకృష్ణ అనే రాయాలి. చచ్చేదాకా అంతే. కానీ నెల తిరిగేసరికి కూలి ఇస్తారు.

సంచితో బయటికొచ్చేసరికి నరేంద్ర లేచి నిలబడ్డాడు. "యాడికి వొదినా? ఊళ్ళో ఏమనుకుంటారు?"

ఆమె అతని వైపు చూడలేదు.

"ఏమే, పొయ్యి మీద నీళ్ళు పెట్టినావా? కాళ్ళు లాగేస్తా ఉండాయి," అంది వెంకటశేషమ్మ, గోడవైపు తిరిగే.

ధనలక్ష్మి మంచం పక్కన ఆగింది. దుప్పటి సర్ది ఆమె పాదాల మీదికి లాగింది.

"నీ కొడుకు మళ్ళీ ఫోన్ చేస్తాడు గదా అత్తా," అంది నెమ్మదిగా. "ఈసారి చేసినప్పుడు, వచ్చి కాపడం పెట్టిపొమ్మని చెప్పు."