మణికట్టు మీద మొద్దు

పొద్దున్నే షట్టరు ఎత్తగానే అక్క చేసే మొదటి పని కత్తెరలు తుడవడం, చెల్లెలు చేసే మొదటి పని గేమ్ సెట్ ఛార్జింగులో పెట్టడం. ఈ రెంటిలో ఏది అసలు పనో తేలక ఆ సెలూన్లో ఏళ్ల తరబడి తగువు నడుస్తూనే ఉంది. అరచేతిలో ఇమిడే ఆ సెట్లో చెల్లెలు అడవులూ కొండలూ తిరిగి వింత జంతువుల్ని పడుతుంది, పెంచుతుంది, ఇతరుల జంతువులతో పోటీకి దించుతుంది. పట్టినవి అందరి ఇళ్లలోలాగే సెట్లోంచి దిగి షాపులో తిరుగుతుంటాయి. తల కడిగే తొట్టిలో ఉండే నీలంది నీళ్లు గోరువెచ్చగా ఉంచుతుంది. ఎర్ర పొట్టది తువ్వాళ్ల మీద పడుకుని వాటిని ఆరబెడుతుంది. మనుషుల జుట్టుతో పాటు వాటి బొచ్చు కూడా తనే ఊడ్వాల్సి వస్తోందన్నది ఒక్కటే అక్క ఫిర్యాదు.

ఆ ఆట విషయంలో వీధిలో ఏ ఇద్దరికీ ఒక మాట కుదరదు. లెక్కల మాస్టారు బొమ్మలు ముచ్చటగా ఉన్నాయంటారు, కథ మాత్రం మరీ పలచన అంటారు. డ్యూటీ దిగి అలిసొచ్చే మనిషికి బుర్ర పెట్టక్కర్లేని కథే కావాలంటుంది నర్సు. మొదటి సగం నత్తనడక, పోటీల దగ్గర్నుంచే అసలు మజా అంటుంది చెల్లెలు.

"పట్టు, పెంచు, కొట్టించు, మళ్లీ పట్టు. గానుగెద్దుకైనా మధ్యలో కాస్త మేత పెడతారు," అంటుంది అక్క.

అందరూ ఒప్పుకునేది ఒక్కటే, ఆ ఆటలో మొద్దు శుద్ధ దండగ అని. మొద్దు అంటే నిమ్మకాయంత బూడిదరంగు జీవి. పోట్లాడదు, ఎదగదు. దానికొచ్చిన విద్యల్లా ఎదుటివాడి మీదెక్కి కూర్చోవడమే. అది కూర్చుంటే ఎదుటివాడు కదల్లేడు, నిజమే, కానీ ఇదీ కదలదు. చూసేవాళ్లకు ఆవలింతలు. అందుకే ఎవరికి దొరికినా వెంటనే వదిలేస్తారు. చెల్లెలు వదలడానికి బద్ధకించడంతో ఒకటి షాపులో మిగిలిపోయింది.

అలాంటి రోజుల్లో అక్క కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. నరాల బలహీనత, మందులు వాడితే పెరగదు గానీ ఉన్నది పోదు అన్నాడు డాక్టరు. ఒకనాడు మాస్టారి చెవి అంచు తెగింది. ఆయన పల్లెత్తు మాట అనలేదు. పై నెల వచ్చి మాత్రం నేరుగా చెల్లెలి కుర్చీలో కూర్చున్నారు. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది అక్కకి.

"నెలాఖరుకి నా కుర్చీలోకి ఎవర్నైనా చూసుకోవే," అంది చెల్లెలితో. "నేను తలలు కడుగుతా."

"కడిగేటప్పుడు మాత్రం వణకదా?"

"వణికితే ఇంకా మంచిది. తల దానంతటదే రుద్దుకుంటుంది."

ఇద్దరూ నవ్వారు. కానీ అక్క లోలోపల కుమిలిపోయింది. గౌనులు వేసుకునే వయసులో పట్టిన కత్తెర అది. అదే లేకపోతే తనెవరో తనకే తెలియదు.

మర్నాడు నర్సు జుట్టు చివర్లు కత్తిరించమని వచ్చి కూర్చుంది. చెల్లెలు ఇంకా రాలేదు. అక్క కత్తెర తీసింది, చెయ్యి వణికింది. అద్దం ముందు దువ్వెనల మధ్య పడున్న మొద్దు లేచి, తాపీగా ఆమె చెయ్యెక్కి మణికట్టు మీద కూర్చుంది. వణుకు ఆగిపోయింది. వేళ్లు మాత్రం మామూలుగానే ఆడుతున్నాయి. నర్సు అద్దంలో చూసి, "ఇంకో అంగుళం తీసినా పర్లేదు," అంది.

నెలాఖరు వచ్చింది, పోయింది. కొత్త మనిషి ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఇంతలో ఆట తయారుచేసే కంపెనీ నుంచి కబురొచ్చింది. ఫిర్యాదులు ఎక్కువైనందున వచ్చే అప్‌డేట్‌లో మొద్దును తీసేద్దామనుకుంటున్నాం, మీ అభిప్రాయం పంపండి అని. సెట్లోంచి పోయినది ఇంట్లోంచి కూడా పోతుందని అందరికీ తెలుసు. పుట్టి బుద్ధెరిగి ఆ ఆట ముట్టని అక్క ప్రచారానికి దిగింది. కత్తెర చెవి పక్కన ఆడుతుంటే కాదనే దమ్ము ఎవరికుంటుంది? వీధి వీధంతా మొద్దు పక్షమే రాసి పంపింది. లొంగనిది మాస్టారొక్కరే.

"ఆటగా చూస్తే అది దండగేనమ్మా. మీ చెయ్యి సంగతి వేరు. రెండూ కలిపి నన్ను అబద్ధం రాయమనకండి," అన్నారు.

అక్కకి కోపం రాలేదు. మొన్నటిదాకా తనూ ఆ మాటే అంది మరి.

లక్షలమంది ఆడే ఆటలో ఒక వీధి మాట సముద్రంలో కాకిరెట్ట. మొద్దు పోవడం ఖాయమైపోయింది.

అప్‌డేట్ వచ్చిన ఉదయం సెట్ చెల్లెలిని అడిగింది, అవునా కాదా అని. అవునంటే మొద్దు పోతుంది. కాదంటే ఆ సెట్‌తో ఇక ఎవరితోనూ పోటీ పడటానికి ఉండదు. పోనీ ఇంకో సెట్ కొందామన్నా, పట్టిన సెట్‌ను వదిలి ఏ జంతువూ రాదు. ఆదివారమేమో ఆ ఆట పోటీల ఫైనల్. ఎన్నేళ్లుగానో ఎదురుచూస్తే ఈసారి చెల్లెలు అక్కడిదాకా వెళ్లింది.

"అవునని నొక్కెయ్యవే," అంది అక్క. "నా చేతి కోసం నీ కష్టమంతా బూడిదలో పొయ్యకు. తలలు కడగడం నాకు చేతకాక కాదు."

చెల్లెలు కాదని నొక్కింది. సెట్‌ను ఛార్జరుతో సహా అక్క అద్దం కింది సొరుగులో పెట్టి, చెప్పులేసుకుని బయటికెళ్లింది. కాసేపటికి కొత్త సెట్ పట్టుకొచ్చి బెంచీ మీద కూర్చుంది. ఆటలో మొట్టమొదటి ఊరు, చేతిలో ఒక్క జంతువైనా లేదు.

"మరి ఆదివారం?" అంది అక్క.

"ఆదివారం షాపు తెరుద్దాం. రద్దీ బాగా ఉంటుంది. ఇద్దరం కత్తెర పడితేగానీ తెమలదు."

"మళ్లీ మొదట్నుంచీ ఆడాలంటే విసుగు రాదుటే?"

"అప్పుడు పోటీల తొందరలో ఈ ఊళ్లన్నీ పరుగున దాటేశానక్కా. ఇక్కడో చెరువుందిట, నేను చూడనే లేదు."

చెల్లెలు తలొంచుకుని ఆటలో పడిపోయింది. అక్కకి ఏడుపు ఆగలేదు. కళ్లు తుడుచుకుందామని కుడిచెయ్యి ఎత్తబోయి, మొద్దు జారిపడుతుందని ఆగి, ఎడంచేత్తో తుడుచుకుంది.