హీటరు పెట్టిన బండిలో పిండి

మొక్కజొన్న పిండిలో మాంసం పెట్టి, ఆకుల్లో చుట్టి ఉడికించే తమాలేలను ఈ క్రిస్మస్‌కు అందరూ చేరి ఫీనిక్స్‌కు పడమటి కొసనున్న బకైలో, తన కొత్త ఇంట్లోనే చుట్టాలని గ్రసియేలా పట్టుబట్టింది. ఆడపడుచు రొసాల్బా పడీపడీ నవ్వింది. "అదేం ఊరు వదినా? కాలిఫోర్నియా పొలిమేర!" చివరికి అత్తగారు ఎల్పీదియా తేల్చేసింది: "ఒక్క ఏడాది చూద్దాం. కుదరలేదో, ఇక ఎప్పటికీ రొసాల్బా ఇంట్లోనే. మళ్ళీ నోరెత్తకూడదు."

అందుకే గ్రసియేలా పొద్దున్నే ఫీనిక్స్‌కు అవతలి వైపున్న గ్వదలూపే వెళ్ళి అత్తగారిని బండెక్కించుకుంది. ఆవిడతోపాటు, ఆవిడ నమ్మిన మిల్లులో ముందురోజే రుబ్బించిన మొక్కజొన్న పిండి బకెట్ కూడా ఎక్కింది. డిక్కీలో పెడదామంటే ఆవిడ వింటేనా! కాళ్ళ మధ్యే ఇరికించుకుంది.

"అబ్బబ్బ, ఏం చలే! హీటరు పెంచవే."

బయట బంగారంలాంటి ఎండ. మంచు దేశాల నుంచి వచ్చినవాళ్ళు నిక్కర్లతో తిరుగుతున్నారు. ఎడారిలో పుట్టినవాళ్ళకు మాత్రం ఆ మాత్రం గాలికే పళ్ళు టకటకలాడతాయి. గ్రసియేలా కూడా స్వెట్టరు మీద కోటు తొడిగింది. హీటరు పూర్తిగా తిప్పేసింది.

ఈ ఊరిని చూస్తే చలికాలంలోనే చూడాలి. గాలిలో దుమ్ముండదు, దూరపు కొండలు చేతికందేలా ఉంటాయి, గోడల మీదుగా నారింజలు రోడ్డు మీదికి వేలాడతాయి. ఎల్పీదియా అద్దానికి ముఖం ఆనించి కూర్చుంది.

"ఇక్కడే కదే నేను పత్తి ఏరింది! ఈ ఆసుపత్రి ఎప్పుడు లేచింది?"

"నిరుడు, అత్తయ్యా."

"వీళ్ళ దుంపతెగ! ఈ వంతెన?"

"మొన్న వేసవిలో."

"నిప్పులు చెరిగే ఎండలోనా! ఎవరు కన్న బిడ్డలో గానీ, దణ్ణం పెట్టాలి వాళ్ళకి."

ముందెక్కడో రెండు లారీలు గుద్దుకుని దారి మూసుకుపోయింది. బండ్లు చీమల్లా కదిలాయి. బకై చేరేసరికి బండిలో పుల్లటి వాసన. ఎల్పీదియా మూత తీసింది. పిండి పొంగి బుడగలు తేలుతున్నాయి. వేడిగాలి దారి పొడుగునా నేరుగా బకెట్ మీదికే కొట్టింది మరి.

గ్రసియేలా బండి పక్కకు ఆపి బావురుమంది. "అయిపోయింది అత్తయ్యా! రొసాల్బా వాళ్ళందరూ బయల్దేరి ఉంటారు. ఏం ముఖం పెట్టుకోను?"

"ఏడుపాపు. అదేంటే, ఆ బోర్డు?"

రోడ్డవతల కొత్త కొట్ల వరుస. చివరి కొట్టుకు ఇంకా రంగు వాసన పోలేదు. లోపల మొక్కజొన్న రుబ్బుతున్న మోత. పోయిన వారం గ్రసియేలా ఇటు వచ్చినప్పుడు అక్కడ ఖాళీ గోడలే ఉన్నాయి.

ఎల్పీదియా లోపలికెళ్ళి చిటికెడు పిండి తీసుకుని వేళ్ళ మధ్య నలిపింది, వాసన చూసింది, నాలుక మీద వేసుకుంది. ఆవిడ ముఖంలో ఏమీ తెలియలేదు.

"ఒక బకెట్ నిండా ఇవ్వమ్మా," అందావిడ కొట్టామెతో.

అంతలో ఎల్పీదియా ఫోను మోగింది. రొసాల్బా గొంతు బయటికే వినిపించింది. "అమ్మా, దారి తెమలడం లేదు! పిండి భద్రమేనా?"

"పులిసిపోయింది. హీటరు పెట్టమని గోల చేసింది నేనే, కోడలిని ఏమీ అనకు."

"చెప్పానా నేను! వచ్చే ఏడు మా ఇంట్లోనే."

ఎల్పీదియా వేళ్ళకంటిన పిండిని ఇంకోసారి నాకింది. "మంచి పిండి ఇక్కడే దొరుకుతోంది, నేనూ ఇక్కడికే వస్తా. పిండీ నేనూ లేకుండా నీ ఇంట్లో ఏం చుట్టుకుంటావో చుట్టుకో!"