మాత్రలకు రెండు మార్కులు

డాక్టర్ రాజశ్రీకి తన శిక్షణ మీద ఉన్నంత నమ్మకం తన చేతిగడియారం మీద కూడా లేదు. మద్రాసు వ్యాసర్పాడిలో ఆమె క్లినిక్ మేడమీది హాల్లో, పిల్లల వైద్యం చదివిన డాక్టర్లకు ఒక విద్య నేర్పుతుంది. మత్తుకు అలవాటుపడిన టీనేజీ పిల్లల చేత నోరెలా విప్పించాలి, ఆ అలవాటు ఎలా మాన్పించాలి అన్నది ఆ విద్య. బ్యాచ్‌కి పదిమంది. ఏడాదిలో ఇది నాలుగో బ్యాచ్.

పద్ధతంతా ఆమె కనిపెట్టిందే. రోగిగా నటించడానికి వీధినాటకాల బృందం నుంచి ప్రీతి అనే పదిహేడేళ్ల పిల్ల వస్తుంది. తల్లిగా నర్సు పంకజం కూర్చుంటుంది. డాక్టర్ ముందుగా తల్లిని మర్యాదగా బయటికి పంపాలి. "నీ ప్రాణానికి ముప్పయితే తప్ప నువ్వు చెప్పింది ఈ గది దాటదు" అని పిల్లకు మాటివ్వాలి. ఆ తర్వాతే అడగాలి. పది నిమిషాలకు రాజశ్రీ బల్లమీద గంట కొడుతుంది. నటన అక్కడితో సరి. అందరూ చప్పట్లు కొట్టి కాగితాల మీద మార్కులు వేసుకుంటారు.

ఆ రోజు వంతు కోదండరాంది. రాజమండ్రి నుంచి వచ్చి ఏడాదైనా తమిళంలో ఆటో బేరమాడటం రాని మనిషి. ఒకే కాగితాన్ని మూడుసార్లు చదువుతాడు. ఆ నత్తనడక చూస్తే రాజశ్రీకి ఒళ్లు మండుతుంది. అయితే ఆ వేళ మాత్రం అతను అడిగిన తీరుకు వంక పెట్టడానికి లేకపోయింది.

ప్రీతి తలవంచుకుని చెప్పింది. "అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు ఇచ్చిన నొప్పి మాత్రలు సార్. ఫస్ట్ ఊరికే వేసి చూసినా. ఇప్పుడు పొద్దున లేస్తానే కావాల. లేకుంటే ఒళ్లంతా చీమలు పాకతా ఉంటాయి."

గంట మోగింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది రాజశ్రీయే.

టీ, బజ్జీలు వచ్చాయి. అందరూ పళ్లెం చుట్టూ మూగితే, కోదండరాం మాత్రం కాగితాలు పట్టుకుని ఆమె దగ్గరికొచ్చాడు.

"మేడమ్, చిన్న డౌటండి."

"నీకు చిన్న డౌట్లు ఎప్పుడొచ్చినాయప్పా, అడుగు," అంది రాజశ్రీ. మూడు తరాలుగా మద్రాసులోనే ఉన్న కుటుంబం వాళ్లది.

"మీరు రాసిచ్చిన కథలో ఈ అమ్మాయి రెండుసార్లు సిగరెట్ కాల్చిందని మాత్రమే ఉందండి. మాత్రల ఊసే లేదు. మార్కుల కాగితంలోనేమో 'మాత్రల సంగతి రాబట్టారా? రెండు మార్కులు' అని ఉందండి. ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందండి?"

రాజశ్రీ నవ్వింది. "అది ఆ పిల్ల సొంత సరుకప్పా. మొదటి బ్యాచ్‌లో తనే కలిపి చెప్పేసింది. నేను రాసినదానికంటే బాగుందే, ఇకమీద ఇట్లే చెయ్యి అన్నా. మార్కులు గూడా అప్పుడే చేర్చినా."

"నేనూ నటనే అనుకున్నానండి. కానీ గంట కొట్టి పావుగంటైంది. ఓసారి అటు చూడండి."

కిటికీ దగ్గర ప్రీతి ఒక్కతే ఉంది. టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. అయినా టీ ఒలికి వేళ్ల మీద పడుతోంది. ఎవరూ చూడటం లేదని తెలిసినా ఆ చేతులు వణుకుతూనే ఉన్నాయి.

రాజశ్రీ గుండె ఝల్లుమంది. నాలుగు బ్యాచ్‌లు, నలభైమంది డాక్టర్లు! పిల్లల మనసులోది పసిగట్టడం నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు! అడిగారు, ఆ పిల్ల చెప్పింది, మార్కులు వేసుకుని బజ్జీలు తిని ఇళ్లకు పోయారు. వాళ్లకు నేర్పిన మహాతల్లి తను. సిగ్గుతో ఆమెకు చెవులు కాలిపోయాయి.

అందరినీ కిందికి పంపమంది. కోదండరాం తలుపు దగ్గరగా వేసి బయట నిలబడ్డాడు.

"ప్రీతీ, ఆ మాత్రలు..." అంటూ రాజశ్రీ ఆమెను తన బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

"ఈరోజు సరిగ్గా చెయ్యలేదా మేడం?"

"అది కాదమ్మా. అది నిజమేనా?"

ప్రీతి గ్లాసు కింద పెట్టింది. "మొదటిసారే చెప్పినా గదా మేడం. ఆ డాక్టరు పంకజం సిస్టర్ని బయటికి పంపి, ఈ గది దాటదు అన్నాడు. అంతవరకూ నన్ను అట్ల ఎవురూ అడగలా. నోట్లోంచి వచ్చేసింది. మీరు గంట కొట్టినారు. అందరూ చప్పట్లు కొట్టినారు." ప్రీతి బల్లమీది గంటకేసి చూసింది. "ఇట్లే చెయ్యి అన్నారు. సరి, గంట మోగినాక గూడా ఎవురో ఒకరు అడుగుతారులే అని ప్రతిసారీ చూసినా."

రాజశ్రీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చూసుకుంటే అలవాటు కొద్దీ చెయ్యి గంట మీదే ఉంది. దాన్ని తీసుకెళ్లి బయట కోదండరాం చేతిలో పెట్టి, వచ్చి ప్రీతి ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు నేను అడుగుతా ఉండానమ్మా. రోజుకు ఎన్ని వేసుకుంటా ఉండావు?"

"మీ మొదటి బ్యాచ్ అప్పుడు రెండు మేడం," అంది ప్రీతి. "ఇప్పుడు తొమ్మిది."